గోదావరి లోయలో ఎదురు పారిన నది!

గోదావరి ఎటు పారుతుంది? నాసిక్ దగ్గర పుట్టి బంగాళాఖాతంలో కలుస్తుంది, ఇదేం ప్రశ్న అంటారు కదూ! నిజమే. కానీ 25 కోట్ల ఏళ్లకు ముందు ఇదే లోయలో నదులు దాదాపు ఎదురు దిశలో, ఉత్తర, వాయవ్య దిక్కులకు పారేవి. సాక్ష్యాలు మా బొగ్గు ప్రాంతపు ఇసుకరాళ్లలోనే ఉన్నాయి. మాది గోదావరిఖని. జియాలజీలో చేరాకే ఈ రాళ్లను చదవడం నేర్చుకున్నాను.

గీతలే దిక్సూచి

వాగులో నీళ్లు తగ్గాక ఇసుక మీద చిన్న చిన్న గుట్టలు చూసే ఉంటారు. నీరు ఇసుకను గుట్ట మీదికి తోసుకెళ్లి అవతలి వాలులో జారవిడుస్తుంది. అలా ఏటవాలుగా పొర మీద పొర చేరుతుంది. ఇసుక గట్టిపడి రాయిగా మారినా ఆ వాలు గీతలు చెరిగిపోవు. అవి దిగేవైపే నీరు పోయిన వైపు. నది వంకరలు తిరుగుతుంది కాబట్టి ఒక్క చోట చూసి తేల్చేయలేం. ఎన్నో చోట్ల కొలిచి, ఎక్కువ గీతలు ఎటు మొగ్గాయో లెక్కేస్తారు.

మిగతా కథ గింజలు చెబుతాయి. గులకరాళ్లుంటే ఉరవడి ఎక్కువ. సన్నటి బురదరాయి ఉంటే నీరు నిలిచిన చోటు. బొగ్గు ఉందంటే చెట్లూ ఆకులూ మునిగి పేరుకున్న చిత్తడి నేల.

ఇసుక ఎక్కడిది?

ఇసుకలో జిర్కాన్ అనే మొండి గింజలుంటాయి. ఎంత దూరం కొట్టుకొచ్చినా ఓ పట్టాన అరగవు. వాటిలోని యురేనియం మెల్లగా సీసంగా మారుతుంటుంది. రెండింటి పాళ్లు కొలిస్తే గింజ పుట్టిన కాలం తెలుస్తుంది. అదే వయసున్న కొండలు ఎక్కడున్నాయో వెతికితే ఇసుక సొంతూరు దొరికినట్టే.

మరి మన పాత నదులకు ఆగ్నేయాన ఏముంది? ఇప్పుడైతే సముద్రం. అప్పుడు మాత్రం నేలే! మన తూర్పు తీరం అంటార్కిటికాతో అతుక్కుని ఉండేది. ఆ మహాఖండం పేరు గోండ్వానా, మన గోండుల నేల నుంచి వెళ్లిన పేరే. సుమారు 13 కోట్ల ఏళ్ల కిందట రెండూ విడిపోవడం మొదలయ్యాకే మధ్యలో బంగాళాఖాతం పుట్టింది.

ఇప్పుడెందుకు?

మా నాన్న బొగ్గుగనిలో పనిచేసి రిటైరయ్యారు. గనిలోకి దిగగానే ముందు చూసేది బొగ్గును కాదట, తల మీది రూఫ్‌ని. చాలాచోట్ల ఆ రూఫ్ పాత నది పరిచిన ఇసుకే. నది చిత్తడి నేలను కోసుకుంటూ పోయిన చోట బొగ్గు పొర ఉన్నట్టుండి సన్నబడుతుంది, ఒక్కోసారి మాయమవుతుంది. అలాంటి అంచుల్లో రూఫ్ బలహీనపడొచ్చు, నీళ్లు ఊరొచ్చు. పాత నది దారి ముందే తెలిస్తే ఎక్కడ జాగ్రత్త పడాలో తెలుస్తుంది. కోట్ల ఏళ్ల నాటి కథ కాస్తా ఈ రోజు షిఫ్టుకెళ్లే మనిషి ప్రాణానికి సంబంధించిన విషయం అవుతుంది.

ఈసారి మంచిర్యాల, రామగుండం వైపు వెళ్తే రోడ్డు పక్కన కోసిన ఇసుకరాతి గుట్ట దగ్గర ఓ నిమిషం ఆగండి. ఏటవాలు గీతలు కనిపిస్తే ఫోన్‌లో కంపాస్ ఓపెన్ చేసి, అవి ఎటు దిగుతున్నాయో చూడండి. నది ఎప్పుడో ఎండిపోయింది. దాని దారి మాత్రం ఇంకా అక్కడే ఉంది.