తీర్పుకు ముందే తీర్పు చెబుతున్నామా?

2020 మే నెలలో గొర్రెకుంట బావిలో తొమ్మిది మృతదేహాలు బయటపడినప్పుడు కాజీపేటలో మన ఇళ్లలోనూ అదే మాట. లాక్‌డౌన్‌లో బతుకు గడవక వలస కార్మికులు ఆత్మహత్య చేసుకున్నారేమోనని మొదటి వార్తలు అనుమానించాయి. నాలుగైదు రోజులకే పోలీసులు హత్యలని తేల్చి ఒకరిని అరెస్టు చేశారు. అక్టోబరులో వరంగల్ కోర్టు అతనికి మరణశిక్ష విధించింది. మొదటి రోజు మనం నమ్మిన కథ కోర్టు దాకా రానేలేదు.

మరి కోర్టు వార్తలు పత్రికలు రాయకూడదా? తప్పక రాయాలి. 1971 నాటి కోర్టు ధిక్కరణ చట్టమే విచారణను ఉన్నదున్నట్టు రాయనిస్తుంది, వచ్చిన తీర్పును సరైన పద్ధతిలో విమర్శించనిస్తుంది. కేసు నడుస్తుండగా న్యాయానికి అడ్డుపడే రాతలనే అది తప్పంటుంది. అయితే ఆ చట్టం లెక్కలో క్రిమినల్ కేసు ‘నడుస్తున్నట్టు’ ఎప్పుడు? చార్జిషీటు పడ్డాక, లేదా కోర్టు సమన్లో వారెంటో ఇచ్చాక. అంటే అరెస్టయిన తొలి వారాలు, టీవీ చర్చలు మండిపోయే రోజులు, చాలాసార్లు ఆ కంచెకు బయటే ఉండిపోతాయి. అసలు లోపం ఇదేనని మా అభిప్రాయం. అవసరమైతే కొద్దికాలం ప్రచురణను వాయిదా వేయించే అధికారం హైకోర్టులకు, తనకు ఉందని 2012లో సహారా కేసులో సుప్రీంకోర్టు చెప్పింది నిజమే. కూలి చేసుకునేవాడు ఆ గడప తొక్కగలడా?

ముసుగు తొడిగి విలేకరుల ముందు నిలబెట్టి ‘నేరం ఒప్పుకున్నాడు’ అంటారు. పోలీసుల దగ్గర ఒప్పుకున్న మాట, దానివల్ల బయటపడిన ఆధారానికి సంబంధించిన ముక్క తప్ప, కోర్టులో చెల్లదు. 2007 డిసెంబరులో విజయవాడ హాస్టల్‌లో ఒక విద్యార్థిని హత్యకు గురైంది. మరుసటి ఏడాది అరెస్టయిన యువకుడు అసలు దోషి కాదని ఆ అమ్మాయి తల్లిదండ్రులే చెబుతూ వచ్చారు. 2010లో శిక్ష పడింది. 2017 మార్చిలో హైకోర్టు అతణ్ని నిర్దోషిగా విడిచిపెట్టింది. ఈలోగా ఎనిమిదేళ్లు జైల్లోనే గడిచాయి.

2008లో వరంగల్ యాసిడ్ దాడి కేసులో అయితే ముగ్గురు నిందితులు విచారణ కాకముందే పోలీసు కాల్పుల్లో చనిపోయారు. ఆనాడు చప్పట్లు కొట్టినవారిలో మనవాళ్లూ ఉన్నారు. ఎవరి పాత్ర ఎంతో ఏ కోర్టూ విచారించి తేల్చలేదు.

సంఘం వాట్సాప్ గ్రూపుల గురించి ఒక మాట. అత్యాచార బాధితురాలి పేరో, ఆమెను గుర్తుపట్టే ఫొటోనో బయటపెడితే భారతీయ న్యాయ సంహిత 72వ సెక్షన్ కింద రెండేళ్ల వరకు జైలు పడవచ్చు. ‘ఈ బిడ్డ కోసం ప్రార్థించండి’ అని రాసి పంపినా ఆ చట్టంలో దానికి మినహాయింపు లేదు.