ఒక్క ‘21’తో గ్రిడ్లు డౌన్.. దక్షిణాదిని కాపాడిన ‘81’! సబ్‌స్టేషన్‌లో ఈ నంబర్లు ఏంటంటే?

ఉప్పుగాలి, పిడుగులు, తుపాన్లు.. విశాఖలో కరెంటు లైన్లకు ఈ తిప్పలు మామూలే. లైన్ ట్రిప్ అయిన ప్రతిసారీ మనకు కనిపించేది చీకటి మాత్రమే. కానీ సబ్‌స్టేషన్ కంట్రోల్ రూమ్‌లో ఆపరేటర్ ముందుగా చూసేది ప్యానెల్ మీద ఒక నంబర్‌ని. 51, 87, 86.. ఇలా. కరెంటు ఎందుకు పోయిందో చెప్పేది ఆ నంబరే. అసలు వీటి కథేంటో చూద్దాం.

రిలే ఏం చేస్తుంది?

కరెంటు లైన్‌కు రిలే కాపలాదారు లాంటిది. లైన్లో ఎంత కరెంటు వెళ్తోంది, ఓల్టేజ్ ఎంతుంది అని నిరంతరం కొలుస్తూ ఉంటుంది. తేడా వస్తే బ్రేకర్‌కు ఆర్డర్ ఇస్తుంది. బ్రేకర్ వెంటనే లైన్ కట్ చేస్తుంది. ఆ బ్రేకర్‌కు కూడా ఒక నంబర్ ఉంది.. 52.

నంబర్లు ఎవరిచ్చారు?

1928లో అమెరికాలోని ఎలక్ట్రికల్ ఇంజినీర్ల సంస్థ ఏఐఈఈ ఈ పద్ధతిని ప్రచురించింది. ఇప్పుడు ఇది ఐఈఈఈ సీ37.2 ప్రమాణంగా ఉంది. డ్రాయింగ్‌లో ప్రతి పరికరం పేరు పూర్తిగా రాయాలంటే చోటు చాలదు. పైగా ఒక్కో కంపెనీ ఒక్కో పేరు పెడితే గందరగోళమే. అందుకే పని ఏదైతే నంబర్ అదే. ప్యానెల్ ఏ కంపెనీదైనా 51 అంటే 51 పనే. అది ఆంపియర్ల లెక్క కాదు, పని పేరు మాత్రమే.

తరచూ వినిపించే నంబర్లు ఇవే

* 50: కరెంటు ఒక్కసారిగా విపరీతంగా పెరిగితే ఆలస్యం లేకుండా ట్రిప్ చేస్తుంది. షార్ట్ సర్క్యూట్‌కి ఇదే మందు.
* 51: ఇది కాస్త ఓపిక పడుతుంది. ఎక్కువ కరెంటు కొంతసేపు అలాగే కొనసాగితేనే ట్రిప్. పెద్ద మోటార్ స్టార్ట్ అయినప్పుడల్లా ఫీడర్ పోకుండా ఈ ఓపికే కాపాడుతుంది.
* 51ఎన్: ఎర్త్ ఫాల్ట్ కోసం. ‘ఎన్’ అంటే న్యూట్రల్. కరెంటు భూమిలోకి పోతుంటే పట్టుకుంటుంది.
* 27, 59: ఓల్టేజ్ బాగా పడిపోతే 27, హద్దు దాటి పెరిగితే 59.
* 87: ట్రాన్స్‌ఫార్మర్‌లోకి వెళ్లిన కరెంటుకీ, బయటకొచ్చిన కరెంటుకీ లెక్క సరిపోవాలి. సరిపోలేదంటే లోపలే లోపం ఉన్నట్టు.
* 86: లాకౌట్. ఇది పడితే బ్రేకర్ మళ్లీ ఆన్ కాదు. లోపం ఏంటో చూసి, మనిషి చేత్తో రీసెట్ చేయాల్సిందే. 87తో పాటు 86 కూడా పడిందంటే తొందరపడి ఛార్జ్ చేయకూడదు. లోపల దెబ్బతిన్న ట్రాన్స్‌ఫార్మర్‌కు మళ్లీ కరెంటు ఇస్తే పేలిపోయే ప్రమాదం ఉంది.

దేశాన్ని చీకట్లోకి నెట్టిన 21

21 అంటే డిస్టెన్స్ రిలే. ఓల్టేజ్‌ని కరెంటుతో భాగించి, ఫాల్ట్ ఎంత దూరంలో ఉందో అంచనా వేస్తుంది. ఇక్కడే ఒక చిక్కుంది. లైన్ మీద లోడ్ బాగా పెరిగి ఓల్టేజ్ పడిపోతే, ఆ లెక్క ఎక్కడో దూరంలో ఫాల్ట్ ఉన్నట్టే కనిపిస్తుంది.

2012 జులై 30 తెల్లవారుజామున అదే జరిగింది. అప్పటికే ఆ మార్గంలో చాలా లైన్లు సర్వీసులో లేవు. బీనా-గ్వాలియర్ 400 కేవీ లైన్ మీద భారం పెరిగింది. ఫాల్ట్ లేకపోయినా డిస్టెన్స్ రిలే ట్రిప్ చేసింది. ఉత్తర గ్రిడ్ కుప్పకూలింది. మర్నాడు మళ్లీ అదే లైన్, అదే కారణం. ఈసారి ఉత్తర, తూర్పు, ఈశాన్య గ్రిడ్లు మూడూ పడిపోయాయి. రిలే చెడిపోలేదు. అది చూసిన లెక్క ప్రకారం దాని పని అది చేసింది. లోడ్‌కీ, ఫాల్ట్‌కీ తేడా తెలిసేలా సెట్టింగ్ లేకపోవడమే సమస్య.

విశాఖలో లైట్లు ఎందుకు ఆరలేదు?

అప్పట్లో దక్షిణాది గ్రిడ్ విడిగా ఉండేది. తూర్పు గ్రిడ్‌తో దాన్ని కలిపే లింకుల్లో ఒకటి మన గాజువాకలోని పవర్‌గ్రిడ్ హెచ్‌వీడీసీ స్టేషనే. 500 మెగావాట్ల చొప్పున రెండు బ్లాకులతో దీని సామర్థ్యం 1000 మెగావాట్లు. ఇక్కడ కరెంటును ఒకసారి డీసీగా మార్చి, మళ్లీ ఏసీ చేసి పంపుతారు. అందుకే అవతలి గ్రిడ్‌లో ఫ్రీక్వెన్సీ కుదేలైనా ఇవతలికి పాకదు.

అయితే బయటి నుంచి వచ్చే కరెంటు తగ్గిపోవడంతో దక్షిణాదికి కొరత తప్పలేదు. కొరత వస్తే ఫ్రీక్వెన్సీ 50 హెర్ట్జ్ నుంచి కిందికి జారుతుంది. అప్పుడు రంగంలోకి దిగేదే 81. కొన్ని ఫీడర్లను తానే కట్ చేసి మిగతా గ్రిడ్‌ను నిలబెడుతుంది. ఆ రోజు దక్షిణాది గట్టెక్కడానికి ఇది కూడా ఒక కారణమని విచారణ కమిటీ తేల్చింది. 2013 డిసెంబర్ 31న రాయచూర్-షోలాపూర్ లైన్‌తో దక్షిణాది కూడా జాతీయ గ్రిడ్‌లో కలిసింది. ఇప్పుడు దేశమంతా ఒకే ఫ్రీక్వెన్సీ. అంటే 81 బాధ్యత ఇంకా పెరిగినట్టే.

మనం తెలుసుకోవాల్సింది ఇదే

గాలివానకు తెగి కింద పడిన వైరు కనిపిస్తే ‘ఈపాటికి ట్రిప్ అయ్యే ఉంటుందిలే’ అని దగ్గరికి వెళ్లొద్దు. పొడి ఇసుక, తారు రోడ్డు మీద పడితే భూమిలోకి వెళ్లే కరెంటు చాలా తక్కువ. అది 51ఎన్‌కు కూడా అందకపోవచ్చు. పైగా 79 అనే ఆటో రీక్లోజ్ ఉన్న లైన్లు ట్రిప్ అయిన సెకన్లలోనే మళ్లీ ఆన్ అవుతాయి. దూరంగా ఉండి, మరెవరూ దగ్గరికి వెళ్లకుండా చూసి, వెంటనే 1912కు ఫోన్ చేయండి. రిలే కంట పడని ఫాల్ట్‌ను ఆపాలంటే, చూసినవాళ్లు చెప్పాల్సిందే.