ఫ్యాక్టరీలో ఆడిట్ : చూసేదెవరు? చూపించేదెవరు?

ఆడిట్ అన్న మాట హాస్టల్లో చదివిన వాళ్ళకు కొత్త కాదు. స్టాకు రిజిస్టరులో రాసిన బియ్యం బస్తాలు, స్టోరు రూములో ఉన్న బస్తాలు సరిపోతున్నాయా అని చూడటానికి వచ్చే అధికారిని మనమంతా చూశాం. ఆయన వస్తున్నాడని ముందే తెలిస్తే ఆ పూట సాంబారులో ముక్కలు కనిపిస్తాయని కూడా మనకు తెలుసు. ఫ్యాక్టరీలకూ ఇలాంటి ఆడిట్లు ఉన్నాయి. పనిచేసే చోట మనిషి ప్రాణానికి రక్షణ ఉందా అని చూసేది భద్రతా ఆడిట్. ఫ్యాక్టరీ వదిలే నీరు, పొగ, వ్యర్థాలు చుట్టుపక్కల నేలనూ చెరువునూ ఏం చేస్తున్నాయో చూసేది పర్యావరణ ఆడిట్.

ఈ సంచికకు ఇంత పొడి విషయం ఎందుకు రాస్తున్నారని తమ్ముళ్ళు, చెల్లెళ్ళు అడగవచ్చు. మన హాస్టల్ నుండి కెమిస్ట్రీ చదివిన వాళ్ళలో ఎక్కువ మంది చేరేది బల్క్ డ్రగ్ కంపెనీల్లో ట్రైనీ కెమిస్టులుగానే. పదో తరగతితో ఆగిపోయిన మన అన్నలు, బాబాయిలు అదే కంపెనీల్లో కాంట్రాక్టరు కింద డ్రమ్ములు మోస్తున్నారు, ట్యాంకులు కడుగుతున్నారు. ప్రమాదం జరిగితే దానికి అందరికంటే దగ్గరగా ఉండేది మనవాళ్ళే. కాబట్టి ఈ తనిఖీలు ఎలా జరుగుతాయో, ఎక్కడ బోల్తా పడతాయో మనం తెలుసుకొని ఉండాలి.

ముందుగా భోపాల్ సంగతి చెప్పుకోవాలి. 1984 డిసెంబరు 2వ తేదీ అర్ధరాత్రి యూనియన్ కార్బైడ్ పురుగుమందుల కర్మాగారంలో 610 నంబరు ట్యాంకులోకి నీరు చేరింది. లోపలి మిథైల్ ఐసోసైనేట్ ఉడికిపోయి, దాదాపు 40 టన్నుల విషవాయువు ఊరి మీద పడింది. వేలమంది చనిపోయారు. ఈ కథ పాఠాల్లో చదివాం. పాఠాల్లో అంతగా కనిపించని సంగతి ఒకటుంది. అక్కడ ఆడిట్ జరిగింది. 1982 మే నెలలో అమెరికాలోని మాతృసంస్థ నుండి నిపుణులు వచ్చి ఫ్యాక్టరీ అంతా తిరిగి చూశారు. విషపదార్థం బయటకు వచ్చే అవకాశం ఉందని, భద్రతా వాల్వులు, కొలిచే పరికరాల నిర్వహణ సరిగా లేదని, అనుభవం ఉన్న సిబ్బంది నిలవడం లేదని నివేదిక రాశారు. రెండున్నర ఏళ్ళ తరువాత ఆ రాత్రి పరిస్థితి ఎలా ఉందో చూడండి. ట్యాంకును చల్లగా ఉంచే రిఫ్రిజిరేషన్ యంత్రాన్ని కొన్ని నెలల ముందే ఆపేశారు. వాయువును కడిగి విషం తీసే స్క్రబ్బరు నడుస్తున్న స్థితిలో లేదు. మిగిలిన వాయువును కాల్చేసే ఫ్లేరు టవరుకు వెళ్ళే పైపును మరమ్మతుకని ఊడదీశారు. నీళ్ళు చిమ్మే గొట్టాల ధార వాయువు వెలువడే ఎత్తుకు అందలేదు. నివేదిక ఫైలులో ఉంది, ట్యాంకు మాత్రం దాని దారిన అది ఉంది.

భోపాల్ తరువాతే మన దేశంలో గట్టి చట్టాలు వచ్చాయి. 1986లో పర్యావరణ పరిరక్షణ చట్టం చేశారు. 1987లో ఫ్యాక్టరీల చట్టాన్ని సవరించి ప్రమాదకరమైన ప్రక్రియల గురించి ఒక కొత్త అధ్యాయం చేర్చారు. 1989లో ప్రమాదకర రసాయనాల నియమాలు వచ్చాయి. వీటి ప్రకారం పెద్ద మోతాదులో అలాంటి రసాయనాలు ఉంచుకునే ఫ్యాక్టరీ, తనతో సంబంధం లేని నిపుణుని చేత భద్రతా ఆడిట్ చేయించి, ఆ నివేదికను తన వివరణతో సహా 30 రోజుల్లో అధికారులకు పంపాలి. ప్రతి సంవత్సరం దాన్ని కొత్త చేయాలి. పర్యావరణం విషయంలో అయితే, కాలుష్య నియంత్రణ మండలి అనుమతి తీసుకున్న ఫ్యాక్టరీలు ఏటా సెప్టెంబరు 30 లోగా ఎంత నీరు వాడారు, ఎంత ముడిసరుకు వాడారు, ఎంత కాలుష్యం వదిలారు అన్న వివరాలతో ఒక ప్రకటన ఇవ్వాలి. కాగితం మీద మన చట్టాలకు వంక పెట్టడం కష్టమే.

ఇక తెలిసిన ఆడిటరు ఏం చూస్తాడు? రిజిస్టర్లు చూస్తాడు, యంత్రాలు చూస్తాడు, మనుషులతో మాట్లాడతాడు. ఈ మూడూ ఒకే మాట చెబుతున్నాయా అన్నదే అతని అసలు పని. సాల్వెంటును డ్రమ్ము నుండి రియాక్టరులోకి పంపేటప్పుడు ద్రవం కదలిక వల్ల స్థిర విద్యుత్తు పుడుతుంది. టోలీన్ వంటి ద్రవం ఆవిరికి ఒక్క నిప్పురవ్వ చాలు. అందుకే డ్రమ్ముకు ఎర్తింగ్ తీగ తగిలించాలి. రిజిస్టరులో "ఎర్తింగ్ చేయబడినది" అని రోజూ సంతకం ఉండవచ్చు. ఆడిటరు వంగి ఆ క్లిప్పును పట్టుకొని చూడాలి. తుప్పు పట్టి, పెయింటు మీద తగిలించిన క్లిప్పు ఉన్నా లేనట్టే.

ట్యాంకుల్లోకి మనిషిని దింపే పని ఇంకా ప్రమాదం. మామూలు గాలిలో ఆక్సిజన్ 21 శాతం ఉంటుంది. అది 19.5 శాతం కంటే తగ్గిన చోటికి మనిషిని పంపకూడదు. రియాక్టరులో నింపే నైట్రోజన్‌కు రంగు లేదు, వాసన లేదు. లోపలికి దిగినవాడికి తాను పడిపోబోతున్నట్టు కూడా తెలియదు. వాణ్ణి లాగుదామని దిగిన రెండోవాడూ పడిపోతాడు. అందుకని దిగే ముందు గాలిని పరీక్షించి పర్మిట్ రాయాలి, పైన ఒక మనిషి తాడు పట్టుకొని నిలబడాలి. వ్యర్థజలాల ట్యాంకులు కడగడానికి దిగేది ఎవరో, ఏ వాడల నుండి వస్తారో మనకు ఒకరు చెప్పనక్కరలేదు. మురుగు గుంటల్లో ఊపిరాడక పోయిన మనవాళ్ళ వార్తలు పేపర్లో చదువుతూనే ఉన్నాం. ఆడిటరు ఆ పర్మిట్ల కట్ట తిరగేసి, పర్మిట్ మీద రాసిన గంటలో ఆ మనిషి నిజంగా ఏ పనిలో ఉన్నాడో హాజరు పట్టీతో పోల్చి చూస్తే చాలా బండారాలు బయటపడతాయి.

పర్యావరణ ఆడిట్‌లో మాకు బాగా నచ్చినది నీటి లెక్క. ఒక ఫ్యాక్టరీ రోజుకు వంద కిలోలీటర్ల నీరు లోపలికి తీసుకుందనుకుందాం. ఆవిరైనది, సరుకులో కలిసినది, తోటకు పోసినది, శుద్ధి ప్లాంటుకు వెళ్ళినది అన్నీ కలిపి మళ్ళీ వంద దగ్గరకు రావాలి. అరవై మాత్రమే తేలితే మిగతా నలభై ఎటు పోయాయి? రాత్రి వర్షంలో వాగులోకి పోయాయా, బోరులోకి దింపారా? అలాగే శుద్ధి ప్లాంటు రోజంతా నడుస్తోందని చెబితే దాని కరెంటు మీటరు అలాగే చెప్పాలి, కొన్న సున్నం అంతే ఖర్చు కావాలి, అడుగున తేలిన బురద అంత ఉండాలి. ఇది మన ఎనిమిదో తరగతి లెక్కలే. పటాన్‌చెరు ప్రాంతంలో నక్కవాగు నీళ్ళు పాడై రైతుల పొలాలు దెబ్బతిన్న విషయం 1990లోనే సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. ఆ వాగు మంజీరలో కలుస్తుంది.

ఎమ్మెస్సీ ప్రాజెక్టు పని కింద మేము ముగ్గురం ఒక బల్క్ డ్రగ్ ఫ్యాక్టరీలో నెల రోజులు ఉన్నాం. పేరు ఇక్కడ అనవసరం. ఆడిట్‌కు నాలుగు రోజుల ముందు నుండి నేల మీద పసుపు గీతలు కొత్తగా వేశారు, అగ్నిమాపక సిలిండర్లకు కొత్త చీటీలు కట్టారు. శ్రీకాకుళం వైపు నుండి వచ్చిన ఒక పెద్దాయన మాతో రోజూ క్యాంటీనులో టీ తాగేవాడు, డ్రమ్ములు దొర్లించడం ఆయన పని. ఆ సాయంత్రం, "రేపు మాకు సెలవు బాబూ, ఆడిట్ వాళ్ళొత్తారట" అన్నాడు. అంటే ప్రమాదానికి దగ్గరగా పనిచేసే వాళ్ళు ఆడిటరు కంట పడరన్నమాట. మర్నాడు బల్ల మీద పెట్టిన శిక్షణ రిజిస్టరులో అరవై సంతకాలు ఒకే నీలం సిరాతో, ఒకే వాలుతో ఉన్నాయి. వచ్చిన ఆయన మంచివాడే, చదువుకున్నవాడే. రిజిస్టరు చూసి ఒక్కసారి నవ్వి పేజీ తిప్పాడు. భోజనాల తరువాత కంపెనీ కారే ఆయన్ని స్టేషనులో దింపింది.

ఆయన ఎందుకు పేజీ తిప్పాడు? ఆడిటరును ఎంచుకునేదీ, డబ్బు ఇచ్చేదీ, వచ్చే ఏడాది మళ్ళీ పిలవాలా వద్దా అని నిర్ణయించేదీ ఆ ఫ్యాక్టరీయే. గట్టిగా రాసిన వాణ్ణి మళ్ళీ ఎవరు పిలుస్తారు? పరీక్ష రాసే విద్యార్థే పేపరు దిద్దే మాస్టారును ఎంచుకొని, ఆయనకు జీతమిచ్చినట్టు ఉంటుంది ఈ ఏర్పాటు.

ఇది మా ఊహ మాత్రమే కాదు, గుజరాత్‌లో పరీక్షించి చూశారు. ఆ రాష్ట్రంలో 1996 నుండి హైకోర్టు ఆదేశంతో పర్యావరణ ఆడిట్ పథకం ఉంది. 2009 నుండి 2011 వరకు ఎస్తేర్ డఫ్లో, మరి ముగ్గురు ఆర్థికవేత్తలు అక్కడి కాలుష్య నియంత్రణ మండలితో కలిసి 473 ఫ్యాక్టరీల మీద ఒక ప్రయోగం చేశారు (డఫ్లోకు 2019లో నోబెల్ బహుమతి వచ్చింది). కొన్ని ఫ్యాక్టరీలను పాత పద్ధతిలోనే వదిలేశారు. మిగతా వాటికి ఆడిటరును చీటీల పద్ధతిలో కేటాయించారు, ఫీజు ఒకే రేటున ఉమ్మడి నిధి నుండి ఇచ్చారు, ఆడిటరు కొలిచిన వాటిలో కొన్నింటిని మళ్ళీ వేరే వాళ్ళ చేత కొలిపించారు. పాత పద్ధతిలో ఆడిటర్లు రాసిన ప్రకారం పొగలో ధూళి పరిమితి దాటిన ఫ్యాక్టరీలు 7 శాతం. విడిగా కొలిస్తే దాటినవి 59 శాతం! కొత్త పద్ధతిలో తప్పుడు "పాస్" నివేదికలు 80 శాతం తగ్గిపోయాయి. ఫ్యాక్టరీలు కాలుష్యాన్ని కూడా తగ్గించుకున్నాయి. ఆడిటర్లు మాత్రం అదే వృత్తి వాళ్ళు, అదే చదువు వాళ్ళు. మారినది వాళ్ళకు డబ్బు వచ్చే దారి.

మన విశాఖపట్నంలో 2020 మే 7 తెల్లవారుజామున జరిగినది అందరికీ గుర్తుండే ఉంటుంది. లాక్‌డౌన్ వల్ల ఆగి ఉన్న ఎల్జీ పాలిమర్స్ ఫ్యాక్టరీ ట్యాంకు నుండి స్టైరీన్ ఆవిరి వెంకటాపురం మీదికి వచ్చి 12 మంది చనిపోయారు. స్టైరీన్ వేడెక్కితే తనలో తాను కలిసి గట్టిపడుతూ ఇంకా వేడిని పుట్టిస్తుంది. దాన్ని ఆపడానికి చల్లదనం ఉండాలి, నిరోధక రసాయనం కలిపి ఉండాలి. ప్రభుత్వం వేసిన ఉన్నతస్థాయి కమిటీ నివేదిక 2020 జూలైలో వచ్చింది. ఉష్ణోగ్రత కొలిచే సాధనం ట్యాంకు అడుగునే ఉందని, పైభాగం కాగిపోతున్నా అడుగు అంకె మామూలుగానే కనిపించిందని, నిరోధక రసాయనం చాలినంత లేదని, సైరను మోగించలేదని అందులో తేలింది. కొలమానం ఎక్కడ బిగించారో చూడటానికి పెద్ద చదువు అక్కరలేదు, ట్యాంకు చుట్టూ ఒకసారి తిరిగితే చాలు. ఆ తరువాత 2024 ఆగస్టులో అచ్యుతాపురంలో 17 మంది, 2025 జూన్ 30న పాశమైలారంలో 40 మందికి పైగా పోయారు. పాశమైలారంలో తయారయ్యేది మాత్రల్లో కలిపే తెల్లని పొడి. పొడి గాలిలో మేఘంలా లేస్తే సాల్వెంటు లాగే పేలగలదని మనలో ఎంతమందికి తెలుసు?

ఇటీవల రెండు మార్పులు వచ్చాయి. 2025 ఆగస్టులో కేంద్ర ప్రభుత్వం పర్యావరణ ఆడిట్ నియమాలు ప్రకటించింది. నమోదు చేసుకున్న ఆడిటర్లను ఫ్యాక్టరీలకు యాదృచ్ఛికంగా కేటాయించాలని వాటిలో ఉంది. గుజరాత్ ప్రయోగంలోని చీటీల పద్ధతి వంటిదే ఇది. ఆడిటరు ఫీజు ఫ్యాక్టరీ చేతి నుండి పూర్తిగా తప్పితేనే దీని ఫలితం కనిపిస్తుందని మా అభిప్రాయం. రెండవది, 2020లో చేసిన వృత్తి భద్రత, ఆరోగ్య కోడ్ 2025 నవంబరు 21 నుండి అమలులోకి వచ్చి, 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం దానిలో కలిసిపోయింది. ఈ కోడ్ ప్రకారం ఏర్పాటయ్యే భద్రతా కమిటీలో కార్మికుల సంఖ్య యాజమాన్యం వారి కంటే తగ్గకూడదు. ప్రాణాపాయం కనిపించినప్పుడు యాజమాన్యానికి చెప్పే హక్కు కార్మికునికి 1987 సవరణతో వచ్చింది. అది కొత్త కోడ్‌లోనూ ఉంది.

ఉద్యోగంలో చేరబోయే వాళ్ళు మొదటి వారంలోనే అడగవలసినది, తాము ముట్టుకునే ప్రతి రసాయనం భద్రతా సమాచార పత్రం. దాన్ని చదివి పక్కనున్న హెల్పరుకు తెలుగులో చెప్పగలిగేది ఆ షెడ్డులో మనమే కావచ్చు. ఆడిట్ రోజున సెలవు ఇచ్చిన వాళ్ళ పేర్లు కమిటీలోని కార్మిక ప్రతినిధికి తెలియాలి. ఫ్యాక్టరీ పక్క ఊళ్ళో ఉండేవాళ్ళకూ దారి ఉంది. 1989 నియమాల ప్రకారం పెద్ద ప్రమాదానికి అవకాశం ఉన్న ఫ్యాక్టరీ, ప్రమాదం ఎలాంటిదో, అప్పుడు ఏం చేయాలో చుట్టుపక్కల వాళ్ళకు తానే ముందుగా తెలియజేయాలి. మీ ఊరికి ఎవరూ వచ్చి చెప్పకపోతే, సమాచార హక్కు చట్టం కింద కాలుష్య నియంత్రణ మండలికి ఒక తెల్లకాగితం మీద దరఖాస్తు రాసి, ఆ ఫ్యాక్టరీ ఇచ్చిన వార్షిక పర్యావరణ ప్రకటన ప్రతి కావాలని అడగండి. రుసుము 10 రూపాయలు. దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవారికి అదీ లేదు, కార్డు జిరాక్సు జతచేస్తే చాలు. జవాబు ఇవ్వడానికి వాళ్ళకు 30 రోజుల గడువుంటుంది. ప్రతి చేతికి వచ్చాక ముందు నీటి లెక్క పేజీ తీయండి.