మరపు కమ్మిన పెద్దలకు ఆసుపత్రిలో అన్నం పెట్టడం ఎలా?

వయసుతో వచ్చే మతిమరుపు వేరు, స్మృతిభ్రంశ వ్యాధి వేరు. ఈ కోవలోని ప్రధాన వ్యాధిని జర్మన్ వైద్యుడు అలోయిస్ ఆల్జైమర్ 1906లో వివరించాడు. 2023లో వెలువడిన అంచనా ప్రకారం మన దేశంలో సుమారు 88 లక్షల మంది వృద్ధులు స్మృతిభ్రంశంతో బాధపడుతున్నారు. వీరు మరే జబ్బుతోనైనా ఆసుపత్రిలో చేరినప్పుడు మందులు వేళకు అందుతాయి. అన్నం పళ్లెం మాత్రం తరచుగా వచ్చినట్లే వెనుకకు పోతుంది.

మాది కోటబొమ్మాళి. మా అమ్మ జ్వరంతో ఆసుపత్రిలో ఉన్న తొమ్మిది రోజులూ నేనే ఆమెకు అన్నం పెట్టాను. మొదటి మూడు రోజులు నాలుగు చెంచాల గంజికి మించి లోపలికి పోలేదు. మనిషి నీరసించిపోయింది. "ముసలమ్మ మొండికేసింది" అన్నారు పక్క మంచాలవారు. అది మొండితనం కాదు. ఎదుట ఉన్నది అన్నమని ఆమెకు తెలియలేదు.

కంటికి కనబడాలి

మెరిసే స్టీలు పళ్లెంలో తెల్లని అన్నాన్ని ఈ రోగుల కన్ను సులభంగా పోల్చుకోలేదు. ముదురు రంగు పాత్రలలో పెడితే ఆల్జైమర్ రోగులు ఎక్కువగా తిన్నారని 2004లో అమెరికాలో జరిగిన పరిశీలన తెలిపింది. మనకు అరటి ఆకు ఉండనే ఉన్నది! నాలుగవనాడు పళ్లెంలో ఆకుముక్క పరచి, పప్పన్నం రెండు ముద్దలు మాత్రమే ఉంచాను. "అమ్మా, పప్పన్నమే" అని చెప్పి మొదటి ముద్ద ఆమె చేతికే అందించాను. చేయి దానంతట అదే నోటివైపు కదిలింది. మరునాడు ఇంటినుండి చోడి అంబలి చిక్కగా కాచి తెచ్చాము. ఆ వాసనకు తలతిప్పి చూసింది.

చరకుడు చెప్పినది

చరకసంహిత విమానస్థానం మొదటి అధ్యాయంలో భోజనవిధి ఉన్నది. వేడిగా, స్నిగ్ధంగా, మితంగా, ఇష్టమైన చోట, మరీ తొందర గాని మరీ జాప్యం గాని లేకుండా, మనసు నిలిపి భుజించాలని దాని సారాంశం. మనసు నిలపలేని రోగికి ఆ పని పెట్టేవారే చేయవలెను.

పాటించవలసినవి

1. భోజనానికి ముందు కళ్లజోడు, కట్టుడుపళ్లు పెట్టండి. నోటిని తడిగుడ్డతో శుభ్రపరచండి.

2. నిటారుగా కూర్చుండబెట్టండి. మీరు ఎదురుగా, ఆమె కంటి ఎత్తున కూర్చోండి.

3. ముద్ద చిన్నదిగా ఉండాలి. మింగిన తరువాతనే రెండవది. బుగ్గలో దాచుకున్నదేమో చూడండి.

4. భోజనమైన అరగంట వరకు పడుకోబెట్టరాదు.

హెచ్చరిక

మగతలో ఉన్నవారి నోట తేనె, కషాయం, నీరు పోయరాదు. అది ఊపిరితిత్తులలోకి జారి న్యుమోనియాకు దారితీస్తుంది. తినేటప్పుడు దగ్గు వచ్చినా, గొంతు తడిగా గరగరలాడినా ఆపి వైద్యునికి చెప్పండి.

మన ఉద్దానంలో మూత్రపిండాల వ్యాధి ఎక్కువ. అది ఉన్నవారికి కొబ్బరినీరు, అరటిపండు బలమని వైద్యుని అడగకుండా ఇవ్వకండి. వాటిలోని పొటాషియం ప్రమాదం కావచ్చు. సైంధవ లవణమైనా ఉప్పే.

గొట్టం అవసరమా?

ముదిరిన స్మృతిభ్రంశంలో గొట్టం ద్వారా ఆహారమివ్వడం కంటే ఓపికగా చేతితో తినిపించడమే మేలని అమెరికా వృద్ధవైద్య సంఘం 2014లో ప్రకటించింది. తాత్కాలికమైన జబ్బులలో సంగతి వేరు. నిర్ణయం వైద్యునితో మాట్లాడి తీసుకోవలెను.

స్మృతిభ్రంశ రోగి వద్ద అయినవారిని ఉండనివ్వాలని బ్రిటన్‌లో 2014లో ఒక ఉద్యమమే మొదలైనది. మన ఆసుపత్రులలో మంచం పక్కన అయినవారు ఎలాగూ ఉంటారు. ఆ కూర్చున్నవారు పూటకు ముప్పావుగంట అన్నానికే కేటాయిస్తే చాలు. రోగి ఏ పిలుపుకు పలుకుతారో, ఏ వంట ఇష్టపడతారో, ఎలా కూర్చోబెట్టాలో ఒక కాగితంపై వ్రాసి మంచం వద్ద అంటించండి. మీరు లేని పూట నర్సమ్మకు అది ఉపకరిస్తుంది.