టేకు అయితే చాలదు, చేవ ఉందా? ఇంటికి కలప కొనేముందు చూడాల్సినవి | ఎపిసోడ్ ట్రాన్‌స్క్రిప్ట్

సికింద్రాబాద్ నుంచి మళ్లీ మీ ముందుకు వచ్చేశా. ఈరోజు టాపిక్ కలప. మొత్తం చెక్కతోనే ఇల్లు కట్టేవాళ్లు మన దగ్గర తక్కువే కానీ, గుమ్మాలు, తలుపులు లేని ఇల్లు ఉండదు కదా. అక్కడే మా ఇంట్లో పెద్ద దెబ్బ తిన్నాం.

నాన్న రిటైర్మెంట్ డబ్బులతో అల్వాల్‌లో ఇల్లు కట్టాం. కలప కొనే పని నాకు అప్పజెప్పారు. నేనేమో బీటెక్ బుర్రతో నాలుగు డిపోలు తిరిగి, రేట్లన్నీ ఎక్సెల్ షీట్‌లో వేసి, అన్నిటికంటే తక్కువకి వచ్చిన టేకు తీసుకున్నా. ప్రైమర్ కొట్టి రెడీగా ఉన్న ఫ్రేమ్. రెండో వానాకాలానికి గుమ్మం మీద వేలు పెట్టి నొక్కితే లోపలికి దిగిపోయింది. చెదలు!

వడ్రంగి మేస్త్రి విప్పి చూపించాడు. ఒకే కట్టెలో సగం గట్టిగా ఉంది, సగం మట్టి. "టేకే బాబూ, కాదనను. కానీ ఇటువైపు చేవ లేదు, తెల్లచెక్క" అన్నాడు. నాన్న ఒక్క మాట కూడా అనలేదు. తిట్టి ఉంటేనే బాగుండేది అనిపించింది.

అసలు చేవ అంటే ఏంటి? చెట్టు బతికున్నప్పుడు బయటి పొర నీళ్లు మోస్తుంది, పిండిపదార్థం దాచుకుంటుంది. అదే తెల్లచెక్క. పురుగులకి అది మంచి భోజనం. లోపలి భాగం క్రమంగా చనిపోయి గట్టిపడి రంగు మారుతుంది. అది చేవ. టేకు చేవలో టెక్టోక్వినోన్ లాంటి పదార్థాలు ఉంటాయి, వాటివల్లే చెదలు దూరంగా ఉంటాయి. లేత చెట్టులో తెల్లచెక్క ఎక్కువ, ముదురు చెట్టులో చేవ ఎక్కువ.

అయోధ్య రామమందిరం తలుపులు చేసింది మన న్యూ బోయినపల్లిలోని అనురాధ టింబర్స్ వాళ్లే, తెలుసా? ఆ టేకు మహారాష్ట్రలోని బల్లార్షా నుంచి తెచ్చారు. డిపోల్లో 'సీపీ టేకు' అనేది ఆ వైపు కలపనే. సీపీ అంటే సెంట్రల్ ప్రావిన్సెస్, బ్రిటిష్ కాలం నాటి పేరు. అయితే ఊరి పేరు విని కొనేయకండి, కట్టె చూసి కొనండి.

ఎలా చూడాలి?

ఒకటి, రంగు. కోసిన చివర మీద ఫోన్ టార్చ్ వేయండి. బంగారు గోధుమ రంగు చేవ, పాలిపోయిన అంచు తెల్లచెక్క. రంగో ప్రైమరో ముందే కొట్టి ఉంటే వద్దని చెప్పేయండి.

రెండు, తేమ. పచ్చి కలప ఆరేకొద్దీ కుంచించుకుపోతుంది, అదీ అన్నివైపులా ఒకేలా కాదు. వలయాల వెంబడి దాదాపు రెట్టింపు. అందుకే మెలి తిరుగుతుంది, తలుపు పట్టేస్తుంది. మాయిశ్చర్ మీటర్ పెడితే 12 శాతం దగ్గర ఉండాలి.

మూడు, వంపు. కట్టె చివర నుంచి ఒక కన్ను మూసి అంచు వెంబడి చూడండి. మెలిక ఉంటే దొరికిపోతుంది.

నాలుగు, లెక్క. వెడల్పు అంగుళాలు, మందం అంగుళాలు, పొడవు అడుగులు గుణించి 144తో భాగిస్తే ఘనపుటడుగులు, అంటే సీఎఫ్‌టీ. గడపతో కలిపి 7 అడుగులు, మూడున్నర అడుగుల గుమ్మానికి మొత్తం పొడవు 21 అడుగులు. 5 బై 3 కట్టె అయితే సుమారు 2.19 సీఎఫ్‌టీ. బిల్లులో 3 వేస్తే అడగండి.

ఇల్లంతా టేకే అక్కర్లేదు. లోపలి గుమ్మాలకి బాగా ఆరిన వేప, వేగిస కూడా బాగుంటాయి. బాత్రూమ్‌కి గ్రానైట్ ఫ్రేమ్ పెట్టేయండి. పాత మండువా ఇళ్లలో చెక్క స్తంభాల కింద రాయి ఎందుకు పెట్టారు? చెక్క నేలకి తగిలితే తేమ, చెదలు ఎక్కుతాయని. ఇప్పుడూ అంతే. గోడకి ఆనే వైపు బిగించకముందే తారు పూయించండి.

మేం ఆ గుమ్మం మార్చాం. ఈసారి టార్చ్ పట్టుకుంది నాన్న. నేను పక్కన నిలబడి నేర్చుకున్నా. మీ ఇంట్లో ఎవరైనా ఇల్లు కడుతుంటే, డిపోకి వెళ్లేముందే ఇది చూపించండి. నెక్స్ట్ ఎపిసోడ్‌లో కలుద్దాం, బై!