నలుగురు తెలివైనవాళ్లు కలిస్తే టీమ్ తెలివైనదవుతుందా?



బీటెక్ చదివినవాళ్లకి, చదువుతున్నవాళ్లకి ఈ సీన్ బాగా తెలుసు. ఫైనల్ ఇయర్ ప్రాజెక్టుకి బ్యాచ్‌లు వేసుకోమంటారు. టాపర్ ఏ బ్యాచ్‌లో ఉంటే ఆ బ్యాచ్ గట్టెక్కినట్టే అని అందరి లెక్క. జాబ్‌లోకి వచ్చాక కూడా అదే లెక్క నడుస్తుంది. తెలివైనవాళ్లని ఏరి తెచ్చుకోవాలి, వాళ్లలో సీనియర్‌ని పైన కూర్చోబెట్టాలి, ఇక టీమ్ దానంతట అదే దూసుకుపోతుంది. ఈ లెక్క ఎంతవరకు కరెక్టో ఈ ఎపిసోడ్‌లో చూద్దాం. ముందు రెండు విమానాల గురించి చెప్తాను. రెండూ అమెరికాలోని యునైటెడ్ ఎయిర్‌లైన్స్‌వే. మధ్యలో పదిన్నరేళ్ల తేడా. ఆ తర్వాత రీసెర్చ్ సంగతికి వెళ్దాం.

మొదటిది 1978 డిసెంబర్ 28న. ఫ్లైట్ 173, డెన్వర్ నుంచి పోర్ట్‌లాండ్ వెళ్తోంది. లోపల 189 మంది. ల్యాండింగ్ కోసం చక్రాలు కిందికి దించగానే గట్టిగా ఏదో కొట్టుకున్న శబ్దం వచ్చింది, విమానం కుదుపుకి గురైంది. చక్రాలు సరిగ్గా దిగి లాక్ అయితే కాక్‌పిట్‌లో పచ్చ లైట్లు వెలగాలి. వెలగాల్సినవన్నీ వెలగలేదు. కెప్టెన్‌కి 27 వేల గంటలకు పైగా విమానం నడిపిన అనుభవం ఉంది. తొందరపడకుండా, గాల్లోనే చక్కర్లు కొడుతూ సమస్య ఏంటో చూద్దాం, ప్రయాణికుల్ని ఎమర్జెన్సీ ల్యాండింగ్‌కి రెడీ చేద్దాం అనుకున్నాడు. అందులో తప్పు పట్టడానికి ఏమీ లేదు. ఎవరైనా అదే చేస్తారు.

కానీ అలా చక్కర్లు కొడుతూ దాదాపు గంట గడిచింది. ఇంధనం తగ్గిపోతోంది. అప్పట్లో కాక్‌పిట్‌లో ముగ్గురు ఉండేవారు: కెప్టెన్, ఫస్ట్ ఆఫీసర్, ఫ్లైట్ ఇంజనీర్. ఇంధనం చూసుకోవడం ఇంజనీర్ పని. ఆయన చూశాడు కూడా. కెప్టెన్ ఇంకో పదిహేను నిమిషాలు అన్నప్పుడు, అంతసేపు ఉంటే ఇంధనం బాగా తక్కువైపోతుందని మామూలు గొంతుతో చెప్పాడు. ఫస్ట్ ఆఫీసర్ కూడా ఎంత మిగిలిందని అడిగాడు. కెప్టెన్ బుర్రంతా చక్రాల మీదే ఉంది. 'ఇక ఆగలేం, ఇప్పుడే దిగాలి' అని టైమ్ ఉండగా ఎవరూ గట్టిగా అనలేదు. ఇంజన్లు ఒకదాని తర్వాత ఒకటి ఆగిపోయాయి. ఎయిర్‌పోర్ట్‌కి పది కిలోమీటర్ల దూరంలో, ఇళ్లూ చెట్లూ ఉన్న చోట విమానం కూలింది. పది మంది చనిపోయారు. వాళ్లలో ఆ ఫ్లైట్ ఇంజనీర్ ఒకడు. తర్వాత తేలింది ఏంటంటే, చక్రాలు దిగే ఉన్నాయి, లాక్ అయ్యే ఉన్నాయి. లైట్‌కి సిగ్నల్ పంపే స్విచ్ దెబ్బతిందంతే.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగుదాం. ఇంధనం అయిపోతోందన్న విషయం ఆ కాక్‌పిట్‌లో ఉంది. తెలిసిన మనిషి, నిర్ణయం తీసుకునే మనిషికి ఒక అడుగు దూరంలో కూర్చుని ఉన్నాడు. అయినా విషయం చేరలేదు. దర్యాప్తు చేసిన అమెరికా సంస్థ ఎన్‌టీఎస్‌బీ కూడా ఇదే రాసింది. కెప్టెన్ ఇంధనాన్ని సరిగ్గా గమనించలేదు, తోటివాళ్లు చెప్పినదానికి స్పందించలేదు అన్నది ప్రధాన కారణం. మిగతా ఇద్దరూ పరిస్థితి తీవ్రతని పూర్తిగా గ్రహించకపోవడమో, తమ ఆందోళనని ఆయనకి అర్థమయ్యేలా చెప్పలేకపోవడమో ఇంకో కారణం.

మరి ఆ ఇంజనీర్ చెప్పాడు కదా అంటారేమో. చెప్పాడు. ఎలా చెప్పాడన్నదే పాయింట్. మన తెలుగులో దీనికోసం ఒక స్పెషల్ ముక్క ఉంది, గమనించారా? 'ఏమో'. 'సార్, ఇంకోసారి టెస్ట్ చేస్తే బాగుంటుందేమో.' 'అన్నా, లోడ్ ఎక్కువైతే సర్వర్ ఆగిపోతుందేమో.' ఆ చెప్పేవాడికి సర్వర్ ఆగిపోతుందని నూటికి నూరు పాళ్లు తెలుసు. పెద్దాయన మొహం మీద చెప్తే బాగోదని చివర్లో 'ఏమో' తగిలిస్తాడు. వినేవాడికి అది వార్నింగ్‌లా కాదు, డౌట్‌లా వినిపిస్తుంది. డౌటే కదా, తర్వాత చూద్దాంలే అనుకుంటాడు. నేను సాఫ్ట్‌వేర్ జాబ్‌లో ఉన్నప్పుడు, అర్ధరాత్రి ఏదైనా సిస్టమ్ పడిపోయాక పాత చాట్ వెనక్కి తిప్పి చదివితే, చాలాసార్లు ఎవరో ఒక జూనియర్ ఆ విషయాన్ని వారం ముందే 'ఏమో'తో రాసి ఉండేవాడు. కింద ఒక థంబ్స్ అప్ ఎమోజీ ఉండేది. అంతే.

సరే, విమానాల దగ్గరికి వద్దాం. ఇలాంటి ప్రమాదాలు ఇంకొన్ని కూడా జరిగాయి. 1979లో నాసా దీని మీద ఒక వర్క్‌షాప్ పెట్టింది. యంత్రాలు పాడవడం వల్ల కాదు, కాక్‌పిట్‌లో మనుషులు కలిసి పనిచేయలేకపోవడం వల్ల విమానాలు పోతున్నాయి, దీనికి ట్రైనింగ్ ఉండాలి అన్నది అక్కడ బలంగా వినిపించిన మాట. 1981లో యునైటెడ్ తన పైలట్లకి ఆ ట్రైనింగ్ మొదలుపెట్టింది. తర్వాత దానికి క్రూ రిసోర్స్ మేనేజ్‌మెంట్, సీఆర్‌ఎమ్ అనే పేరు స్థిరపడింది. కింది వాళ్లకి గట్టిగా చెప్పడం నేర్పాలి, పైవాళ్లకి అడగడం, వినడం నేర్పాలి. వినడానికి చిన్న విషయంలా ఉంది కదా?

ఇప్పుడు రెండో విమానం. 1989 జూలై 19, ఫ్లైట్ 232, డెన్వర్ నుంచి చికాగో. 296 మంది ఉన్నారు. దారిలో తోక దగ్గరి ఇంజన్‌లో ఫ్యాన్ డిస్క్ పగిలింది. ఆ ముక్కలు తగిలి మూడు హైడ్రాలిక్ సిస్టమ్‌లూ పోయాయి. బైక్ మీద హైవేలో వెళ్తుంటే హ్యాండిల్, బ్రేకులు రెండూ ఒకేసారి చేతిలోంచి ఊడిపోయాయి అనుకోండి, అలాంటి పరిస్థితి. పైలట్ స్టీరింగ్‌ని ఎంత తిప్పినా విమానం కదలదు. మూడూ ఒకేసారి పోవడం జరగనే జరగదు అనుకున్నారు కాబట్టి, పోతే ఏం చేయాలో మాన్యువల్‌లో కూడా లేదు.

కెప్టెన్ పేరు ఆల్ హేన్స్. ప్రయాణికుల్లో డెన్నిస్ ఫిచ్ అనే ఆయన ఉన్నాడు. పైలట్లకి ఇదే మోడల్ విమానం మీద ట్రైనింగ్ ఇచ్చే మనిషి, ఆ రోజు డ్యూటీలో లేడు. సాయం చేస్తానని కబురు పంపితే హేన్స్ వెంటనే లోపలికి రమ్మన్నాడు. మిగిలిన రెండు ఇంజన్ల థ్రాటిల్స్ ఆయన చేతికి ఇచ్చాడు. ఫిచ్ నేల మీద మోకాళ్ల మీద కూర్చుని, ఒక ఇంజన్ వేగం పెంచి ఇంకోదానిది తగ్గిస్తూ, విమానాన్ని కొంచెం కొంచెంగా తిప్పాడు. నలుగురూ ఆగకుండా మాట్లాడుకుంటూ, ఒకరు చెప్పింది ఇంకొకరు సరిచూస్తూ, 44 నిమిషాల తర్వాత సూ సిటీ ఎయిర్‌పోర్ట్ రన్‌వేకి చేర్చారు. నేలని తాకేటప్పుడు రెక్క తగిలి విమానం ముక్కలైంది, మంటలొచ్చాయి. 112 మంది పోయారు. 184 మంది బతికారు. తర్వాత సిమ్యులేటర్‌లో అనుభవం ఉన్న పైలట్లతో అదే పరిస్థితి పెట్టి చూస్తే, సేఫ్‌గా దించడం వాళ్ల వల్ల కాలేదు.

హేన్స్ తర్వాత ఇచ్చిన ప్రసంగాల్లో క్రెడిట్‌లో పెద్ద వాటా సీఆర్‌ఎమ్‌కి ఇచ్చేవాడు. మా నలుగురిదీ కలిపితే 103 ఏళ్ల అనుభవం, కానీ అందులో ఒక్క నిమిషం కూడా ఇలాంటి పరిస్థితిలో నడిపింది కాదు, అలాంటప్పుడు మిగతా ముగ్గురికంటే నాకే ఎక్కువ తెలుసని ఎలా అనుకుంటాను అన్నది ఆయన వాదన. ఒకటి మాత్రం గమనించండి. హేన్స్ కెప్టెన్‌గానే ఉన్నాడు. ఓటింగ్ ఏమీ పెట్టలేదు. చివరి మాట ఆయనదే, కానీ ఆ మాటకి ముందు నాలుగు బుర్రల్లో ఉన్నదంతా బయటికి వచ్చింది.

ఇది కథ. కథతో ఏదైనా నిరూపించొచ్చు కాబట్టి ఇప్పుడు కొలిచి చూసినవాళ్ల సంగతి.

2010లో సైన్స్ పత్రికలో ఒక పేపర్ వచ్చింది. కార్నెగీ మెలన్ యూనివర్సిటీకి చెందిన అనీటా వూలీ, ఎమ్‌ఐటీకి చెందిన థామస్ మలోన్, ఇంకో ముగ్గురు కలిసి రాసింది. వాళ్ల ప్రశ్న సింపుల్. ఒక మనిషి ఒక రకం పజిల్ బాగా చేస్తే, వేరే రకంవి కూడా బాగా చేసే అవకాశం ఎక్కువ. దీని మీదే ఐక్యూ ఆలోచన అంతా నిలబడింది. మరి గ్రూపులకి కూడా ఇలా ఒక 'గ్రూప్ ఐక్యూ' లాంటిది ఉంటుందా? 699 మందిని తీసుకుని, ఇద్దరి నుంచి ఐదుగురి దాకా ఉండే గ్రూపులు చేసి, రకరకాల పనులు ఇచ్చారు: పజిల్స్, కొత్త ఐడియాలు చెప్పడం, తక్కువ వనరుల్ని పంచుకునే బేరాలు, ఇలా. ఒక పనిలో బాగా చేసిన గ్రూపు మిగతా వాటిలో కూడా బాగా చేసింది. అంటే అలాంటిదేదో ఉంది. దాన్నే కలెక్టివ్ ఇంటెలిజెన్స్ అన్నారు, మనం సామూహిక తెలివి అనుకుందాం.

ఇప్పుడు టాపర్ లెక్క. సభ్యుల సగటు ఐక్యూకీ, గ్రూపులో అందరికంటే తెలివైనవాడి ఐక్యూకీ ఈ సామూహిక తెలివితో గట్టి సంబంధం కనిపించలేదు. ఇంకో విచిత్రం, మా టీమ్‌లో అందరం ఫ్రెండ్సే, చాలా హ్యాపీగా ఉంటాం అన్నదానికి కూడా పెద్దగా సంబంధం లేదు. టీమ్ అవుటింగ్‌కి వెళ్లి బిర్యానీ తింటే ఆకలి తీరుతుంది తప్ప ఇంకేం గ్యారంటీ లేదన్నమాట. (బిర్యానీ మానేయమని నేను అనట్లేదు.)

సంబంధం కనిపించినవి వేరే. ఒకటి, మాటలు ఎలా పంచుకున్నారన్నది. ఒకరిద్దరే మొత్తం మాట్లాడేసిన గ్రూపులు వెనకబడ్డాయి. ఇంకోటి, ఎదుటివాళ్ల మనసు చదవగలగడం. దీనికి ఒక టెస్ట్ ఉంది. 36 ఫొటోలు చూపిస్తారు, ఒక్కోదాంట్లో కళ్లు మాత్రమే కనిపిస్తాయి, ఆ మనిషి ఏం ఫీల్ అవుతున్నాడో నాలుగు ఆప్షన్లలో ఒకటి ఎంచుకోవాలి. ఇందులో సగటున ఎక్కువ స్కోర్ వచ్చిన గ్రూపులు మెరుగ్గా చేశాయి. ఆడవాళ్లు ఎక్కువ ఉన్న గ్రూపులు కూడా బాగా చేశాయి, అయితే దానికి చాలావరకు కారణం ఆ టెస్ట్‌లో సగటున వాళ్ల స్కోర్ ఎక్కువ కావడమే అని రీసెర్చర్లే చెప్పారు. మొహాలు కనిపించకుండా టెక్స్ట్ చాట్‌లో మాత్రమే పనిచేసిన గ్రూపుల్లోనూ కళ్ల టెస్ట్ స్కోర్ పనికొచ్చిందని 2014లో ఇంకో పేపర్ వచ్చింది. ఇది నాకు బాగా నచ్చిన ఫలితం. కళ్లు చదవడమంటే కళ్లు చదవడం ఒక్కటే కాదన్నమాట. 'ఓకే సార్' అని వచ్చిన మెసేజ్‌లో ఆ ఓకే నిజంగా ఓకేనా కాదా అని పట్టుకోవడం కూడా అందులో భాగమే కావచ్చు.

దీన్ని అందరూ ఒప్పుకున్నారా అంటే, లేదు. 2017లో టిమొథీ బేట్స్, శివానీ గుప్తా అనే ఇద్దరు మళ్లీ ప్రయోగాలు చేసి, అసలు గ్రూప్ తెలివి అంటే అందులో ఉన్నవాళ్ల ఐక్యూనే, ఇంకేం లేదన్నట్టుగా రాశారు. 2021లో వూలీ, మలోన్ వాళ్ల బృందం 22 స్టడీల డేటాని, అంటే 1,356 గ్రూపుల్లోని 5,279 మంది డేటాని, కలిపి చూసింది. సభ్యుల తెలివి కూడా లెక్కలోకి వస్తుంది, కానీ వాళ్లు కలిసి పనిచేసే పద్ధతి అంతకంటే ఎక్కువ చెప్తుంది అని తేల్చింది. నాకు ఈ రెండో మాటే నమ్మబుద్ధి అవుతుంది. ఏమీ రానివాళ్లు నలుగురు ఎంత చక్కగా వంతులవారీగా మాట్లాడుకున్నా విమానం దిగదు. ఫ్లైట్ 173లో మాత్రం తెలివి తక్కువై కాదు, తెలిసింది చేరక ప్రాణాలు పోయాయి.

ఇంకో కన్ఫ్యూజన్ కూడా తీర్చేద్దాం. 'జనం తెలివి' గురించి మాట్లాడితే చాలామంది గాల్టన్ ఎద్దు కథ చెప్తారు. ఇంగ్లండ్‌లోని ప్లిమత్‌లో ఒక పశువుల ప్రదర్శన, ఎద్దుని కోసి శుభ్రం చేశాక ఎంత బరువు తూగుతుందో చెప్పాలని పోటీ. 787 మంది చీటీల మీద రాసిన అంచనాలని వరుసలో పెడితే మధ్యలో వచ్చింది 1,207 పౌండ్లు. అసలు బరువు 1,198. ఫ్రాన్సిస్ గాల్టన్ 1907లో నేచర్ పత్రికలో దీన్ని రాశాడు. అక్కడ ఎవరి చీటీ వాళ్లు విడిగా రాశారు. అదే మీ ఆఫీస్ మీటింగ్‌లో ఏం జరుగుతుంది? మేనేజర్ ముందు 'ఇది రెండు వారాల పని' అంటాడు. ఆ తర్వాత టేబుల్ చుట్టూ అందరిదీ రెండు వారాలే. నలుగురితో పాటు నారాయణ. పది అంచనాలు ఉన్నట్టు కనిపిస్తుంది, నిజానికి ఉన్నది ఒక్కటే.

కాబట్టి ఈ వారం ఒక పని చేసి చూడండి. ప్రాజెక్ట్ బ్యాచ్ అయినా, ఆఫీస్ టీమ్ అయినా, కాలేజీ ఫెస్ట్ కమిటీ అయినా సరే. చర్చ మొదలయ్యే ముందు రెండు నిమిషాలు ఎవరి ఫోన్‌లో వాళ్లు తమ అంచనా టైప్ చేసుకోండి, తర్వాత ఒకేసారి గ్రూప్‌లో పెట్టండి. సీనియర్ మీరే అయితే చివర్లో మాట్లాడండి. ఇంతవరకు నోరు విప్పని మనిషిని పేరుపెట్టి అడగండి. అయితే 'ఏమైనా డౌట్స్ ఉన్నాయా?' అని అడగొద్దు, దానికి ఎప్పుడూ వచ్చే జవాబు 'నో సార్'. 'ఇది ఫెయిలైతే ఎక్కడ ఫెయిలవుతుంది?' అని అడగండి. తేడా మీకే తెలుస్తుంది.

మరి జూనియర్ మీరే అయితే? పైలట్లకి నేర్పే ఒక వరస ఉంది. ముందు మనిషిని పిలవాలి. తర్వాత నా ఆందోళన ఇదీ అనాలి. సమస్య చెప్పాలి, ఏం చేద్దామో చెప్పాలి, చివర్లో ఒప్పుకుంటారా అని అడగాలి. మన భాషలో పెడితే: 'సార్, నాకు శుక్రవారం రిలీజ్ గురించి భయంగా ఉంది. పేమెంట్ పేజీని ఎక్కువ లోడ్ మీద ఒక్కసారి కూడా టెస్ట్ చేయలేదు. సోమవారానికి మార్చుదాం. మీరేమంటారు?' 'సార్' అక్కడే ఉంది, మర్యాద ఎక్కడికీ పోలేదు. పోయింది 'ఏమో' ఒక్కటే.

ఇవాళ్టికి ఇంతే. నెక్స్ట్ ఎపిసోడ్‌లో కలుద్దాం.