గోడ మీది కోతి ఎందుకు దూకలేదు?

అరటిపండ్ల బండి దగ్గర కోతులు చేరాయి. బండివాడి చేతిలో కర్ర ఉంది. ఒక కోతి దూకింది. పండు లాక్కుని పోయింది. ఇంకో కోతి గోడ మీదే కూర్చుంది. దానికీ ఆకలే. మరి ఎందుకు దూకలేదు?

దూకాలా, వద్దా? ఇలా తేల్చుకోవటమే నిర్ణయం. నిర్ణయం చేసేది మెదడు. మెదడులో కోట్లాది కణాలు ఉన్నాయి. ఒక కణం ఇంకో కణానికి కబురు పంపాలి. రెంటికీ మధ్య సన్నని సందు ఉంటుంది. కొన్ని రసాయనాలు ఆ సందు దాటి కబురు మోస్తాయి. వాటిలో ఒకటి సెరొటోనిన్. దీనికి ఈ పేరు పెట్టింది 1948లో. అప్పుడు దొరికింది రక్తంలో. మెదడులోనూ ఉందని 1953లో తెలిసింది. తమాషా ఏమంటే, ఒంట్లోని సెరొటోనిన్‌లో ఎక్కువ భాగం ఉండేది పేగుల్లో!

కబురు అందాక సెరొటోనిన్ సందులోనే ఉండిపోకూడదు. పంపిన కణమే దాన్ని వెనక్కి తోడుకుంటుంది. తోడే పని ఒక మాంసకృత్తుది. దాన్ని బావి చేద అనుకోండి. ఆ చేదను ఎలా తయారుచెయ్యాలో చెప్పే రాత కణంలోనే ఉంటుంది. ఆ రాతే జన్యువు. తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి వస్తుంది. ఈ జన్యువు ముందుభాగం కొందరిలో పొట్టిగా, కొందరిలో పొడుగ్గా ఉంటుందని 1996లో శాస్త్రజ్ఞులు తెలిపారు. పొట్టిదైతే చేదలు తక్కువ తయారవుతాయి.

రీసస్ కోతుల్లోనూ ఇలాగే ఉంది. ఉత్తరాది ఊళ్లలో ఎక్కువగా కనబడేవి ఈ కోతులే. 2009లో అమెరికాలోని డ్యూక్ యూనివర్సిటీ వారు వీటికి ఒక పందెం పెట్టారు. ఒక గుర్తును ఎంచుకుంటే ఖాయంగా కొంత పళ్లరసం. ఇంకో గుర్తును ఎంచుకుంటే ఒకసారి ఎక్కువ, ఒకసారి తక్కువ. ముందుగా గుంపులో పెత్తనం చేసే మగకోతి ఫొటో చూపించారు. ఆ ముఖం చూశాక పొట్టి జన్యువు ఉన్న కోతులు ఖాయమైన రసం వైపే మొగ్గాయి. అవి కళ్లలోకి చూడటం కూడా తక్కువే. ఆ ఫొటో చూడాలంటే వాటికి అదనంగా రసం పొయ్యాల్సి వచ్చింది!

అయితే అంతా పుట్టుకతోనే రాసి ఉందా? లేదు. 2002లో ఇంకో సంగతి బయటపడింది. కొన్ని పిల్లకోతులు తల్లి దగ్గర పెరిగాయి. కొన్నిటిని పుట్టగానే తల్లి నుంచి విడదీశారు. తోటి పిల్లల మధ్యే పెంచారు. పాపం, ఎంత వెతుక్కున్నాయో! వెన్నులోని నీటిలో సెరొటోనిన్ ఆనవాలు కొలిచారు. తల్లి లేకుండా పెరిగినవాటిలో, పొట్టి జన్యువు ఉన్నవాటికి అది తక్కువగా ఉంది. తల్లి ఒడిలో పెరిగినవాటిలో మాత్రం పొట్టి, పొడుగు తేడాయే కనబడలేదు.

మనుషుల సంగతి ఇంత తేలిగ్గా తేలలేదు. కష్టాలు పడ్డవారికి పొట్టి జన్యువు ఉంటే దిగులుజబ్బు ఎక్కువ వస్తుందని 2003లో చెప్పారు. ఆ మాటకు చాలా పేరొచ్చింది. 2019లో లక్షల మంది వివరాలు చూశారు. ఆ మాట నిలబడలేదు. మనిషి స్వభావంలో ఎన్నో జన్యువుల పాలు ఉంది. పెంపకం, తిండి, నిద్ర, భయాలు కూడా కలుస్తాయి. బడిలో జంకే పిల్లవాణ్ణి "వీడి రక్తమే పిరికిది" అంటుంటారు. అలా అనటానికి ఏ ఆధారమూ లేదు.

దిగులుజబ్బుకు డాక్టర్లు ఇచ్చే కొన్ని మాత్రలు ఈ చేద మీదే పనిచేస్తాయి. చేదను ఆపితే సెరొటోనిన్ సందులో ఎక్కువసేపు ఉంటుంది. గుణం కనబడటానికి కొన్ని వారాలు పడుతుంది. నాలుగు రోజులకే తగ్గలేదని మాత్రలు మానెయ్యకూడదు. డాక్టరును అడగాలి.